గోడవైపు కుర్చీ

శనివారం పొద్దున సింకు ముందు నిలబడి రెండు వందల పదహారు చిన్న గ్లాసులు కడగడం ఆమె వంతు. వంతు అనడం కూడా తప్పే. వంతు అంటే ఇవాళ నాది, రేపు నీది అని కదా. ఈ పని పద్నాలుగేళ్ళుగా ఆమెదే. బొటనవేలంత గ్లాసులు. నెలకోసారి, మొదటి ఆదివారం, చర్చి సంఘంలో అందరూ ప్రభువు బల్ల దగ్గరికి వచ్చి తలా ఒక గ్లాసు ద్రాక్షరసం అందుకుని ఒక్క గుక్కలో తాగేసి వెళ్ళిపోతారు. లోపలికి వేలు దూరదు కాబట్టి సన్నటి బ్రష్షు పెట్టి తిప్పాలి, వేడినీళ్ళలో ముంచాలి, బోర్లించాలి, ఆరాక మెత్తటి బట్టతో తుడిచి వెలుగుకి ఎత్తి చూడాలి. అన్నీ అయ్యేసరికి రెండు గంటలు. సంఘంలో ఆమెకున్న పేరు గ్లాసులక్క. పాస్టరుగారి పిల్లలు సైతం ఆమెను అలాగే పిలుస్తారు.

గ్లాసులతోనే పోతే గ్లాసులక్క అదృష్టవంతురాలే అనుకోవచ్చు. ఆదివారం బడిలో పిల్లలకి పాఠం ఆమెదే. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేయడం ఆమెదే. మంగళవారం స్త్రీల కూడిక, గురువారం ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూసి రావడం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఉపవాసం రోజునే ఆమె ఇంట్లో పొయ్యి ఎక్కువ మండుతుంది, సాయంత్రం ఉపవాసం విడిచేవాళ్ళకి ఎవరో ఒకరు వండాలిగా. ఇవికాక బడిలో మూడో తరగతి టీచరు ఉద్యోగం. అక్కడ కూడా పొద్దున అసెంబ్లీలో ప్రార్థన చదివించే పని హెడ్‌మిస్ట్రెస్ ఆమె నెత్తినే పెట్టింది. "మీకు అలవాటేగా, టీచర్" అంటూ.

ఊరందరి తరఫునా ప్రార్థన చేసే మనిషి తన తరఫున చేసుకుని ఎన్నాళ్ళయిందో ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె దగ్గర లెక్క సిద్ధంగా ఉంది. పన్నెండు నెలలు.

ఆమె భర్త సంఘ పెద్ద. కరెంటు ఆఫీసులో పని. తెల్లవారుజామున ఐదింటికి ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు, ఆరున్నరకి తీస్తాడు. ఆ గంటన్నర ఇంట్లో పిల్లి కూడా కాలు చప్పుడు చేయకూడదు. కుక్కర్ కూత వేస్తే ధ్యానం చెదురుతుందని ఆమె పొయ్యి ఆరున్నర దాకా వెలిగించదు. ఆ తర్వాత ఎనిమిదింటిలోపు అందరి టిఫినూ, అందరి క్యారేజీలూ, అత్తగారి మందులూ, కూతురి జడలూ. తలుపు తీసుకుని బయటికి వచ్చేటప్పుడు ఆయన మొహం ప్రశాంతంగా ఉంటుంది. ఉండదా మరి, ఆ ప్రశాంతతని తలుపు అవతల ముగ్గురు ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి కాపలా కాశారు.

ఒకసారి అడిగింది. వారంలో రెండు రోజులు ఆ గది నాకు ఇవ్వండి, ఒక్క అరగంట చాలు అని. ఆయన ఆప్యాయంగానే నవ్వాడు. "నీకు వేరే ప్రార్థన ఎందుకే? నువ్వు చేసే పనంతా ప్రార్థనే." మెచ్చుకోలుగానే అన్నాడు, అందుకే ఎదురు చెప్పలేకపోయింది. పాస్టరుగారిని అడిగితే ఆయన ఇంకా మెత్తగా చెప్పారు. "దేవుడు వంటింట్లోనూ ఉంటాడు తల్లీ. పని చేసుకుంటూనే మనసులో మాట్లాడుకోవచ్చు." ఉంటాడు, కాదనలేదు. కానీ వంటింట్లో ఉన్నంతసేపూ దేవుడు కూడా ఏదో ఒకటి అందించమనే అడుగుతున్నట్టు ఉంటుంది ఆమెకి.

వాళ్ళమ్మ పద్ధతి వేరు. అమ్మకి గది లేదు. రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు, తలుపేసుకునే యోగం ఎక్కడిది. ఉన్నది ఒక చెక్క కుర్చీ. మధ్యాహ్నం మూడింటికి అమ్మ ఆ కుర్చీని గోడవైపు తిప్పి కూర్చునేది. కుర్చీ గోడవైపు ఉందంటే అమ్మని పిలవకూడదు. పాలు పొంగినా, తమ్ముడు చెల్లెలు కొట్టుకున్నా, ఆఖరికి నాన్న చొక్కా గుండీ తెగినా సరే. నాన్న నోరున్న మనిషే, అయినా కుర్చీ గోడవైపు కనిపిస్తే గుమ్మంలోనే చెప్పులు విప్పి అరుగు మీద కూర్చునేవాడు. అరగంటకి అమ్మ లేచి, కుర్చీ ఇటు తిప్పి, "ఊఁ, ఎవరికేం కావాలి?" అనేది. ఆ గొంతు మూడింటికి ముందున్న గొంతు కాదు.

ఆమె కూడా పెళ్ళయిన కొత్తలో ఒకనాడు భోజనాల గదిలో కుర్చీని గోడవైపు తిప్పి కూర్చుంది. రెండు నిమిషాలు కాలేదు, అత్తగారు వచ్చి భుజం తట్టింది. "ఏంటమ్మాయ్, గోడకి మొహం పెట్టుకున్నావు? ఏమన్నామని ఈ అలక?" సాయంత్రానికి ఆయన, "మా ఆవిడకి అలక కుర్చీ ఒకటి పుట్టింటి నుంచి వచ్చింది" అని చుట్టాల ముందు జోకు వేశాడు. ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తే కూతురు బడి నుంచి వచ్చి చూసి, "అమ్మా, పనిష్‌మెంటా?" అంది. ఆ తర్వాత కుర్చీ తిప్పలేదు.

అమ్మ పోయింది కిందటేడు, సంఘం మహాసభల ఆఖరి రోజున. ఆ రోజు మూడు వందల మందికి భోజనాలు, వంటల దగ్గర ఆమె. సభల్లో ఫోన్లు ఉండకూడదని పెద్దలు అందరి ఫోన్లూ ఒక బుట్టలో పెట్టించారు. పెద్దల ఫోన్లు మాత్రం పెద్దల జేబుల్లోనే ఉన్నాయి. నాలుగింటికి ఆఖరి బంతి లేచి, గిన్నెలు కడగడం అయ్యాక ఆయన ఆమెను పక్కకి పిలిచి చెప్పాడు. అమ్మ ఒంటిగంటన్నరకి పోయిందట. బస్సులో రెండు గంటల ప్రయాణం. వెళ్ళేసరికి ఆరున్నర. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "వచ్చావా. సేవ అయిందా?" అన్నాడు. పలకరింపే అనుకుని ఆమె తల ఊపింది. "అయింది అన్నయ్యా" అని కూడా అంది. అప్పటి నుంచి అన్నయ్య మాట్లాడలేదు. ఫోన్ చేస్తే వదిన ఎత్తేది, ఆయన ఇంట్లో లేడనేది. దుఃఖం ఒక్కొక్కరిని ఒక్కోలా మారుస్తుందిలే అని ఆమె సరిపెట్టుకుంది.

కానీ ఆ నెల నుంచి ఆమె గ్లాసు ముట్టలేకపోతోంది. వాళ్ళ సంఘంలో ఒక ఆచారం ఉంది. బల్ల దగ్గరికి పిలిచే ముందు పాస్టరుగారు ఒక ప్రశ్న అడుగుతారు. ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా, ఉంటే రొట్టె ముట్టుకోకముందే చెప్పుకోండి అని. అడిగి కాసేపు ఆగుతారు. ఆమె మామగారి కాలంలో ఎవరో అన్నదమ్ములు ప్రహరీగోడ తగువుని అలా నలుగురిలో తీర్చుకున్నారట. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ కాసేపూ దగ్గులకీ, చొక్కాలు సర్దుకోవడానికీ పనికొస్తుంది. ఆమె మాత్రం పక్కగదిలో గ్లాసులు నింపుతూ ఆ ప్రశ్న వింటుంది. మనసులో ఏదో ఉంది. ఎవరి మీదో తెలియదు. తెలియని దాన్ని ఎలా చెప్పుకుంటారు? అందుకని తన గ్లాసు తీసుకోకుండా పక్కన పెట్టేస్తుంది. పన్నెండు నెలలుగా రెండు వందల పదహారులో ఒక్క గ్లాసు ఎంగిలి కాకుండానే తిరిగొస్తోంది. అందరికీ నింపి ఇచ్చే మనిషి తాగిందా లేదా అని చూసేవాళ్ళు ఎవరుంటారు?

ఈ శనివారం గ్లాసులు సగం అయ్యాయో లేదో ఆయన ముందుగదిలోంచి కాగితాలు పట్టుకుని వచ్చాడు. రేపు బల్లకి ముందు వాక్యం చెప్పే అవకాశం ఆయనది. అంశం సేవ. హుషారుగా ఉన్నాడు.

"ఇదిగో, ఇది విను. నీ గురించే."

చేతులు తడి, బ్రష్షు గ్లాసులో. ఆయన చదివాడు. కిందటేడు సభల ఆఖరి రోజున, ఉదయం పదింటికి, తన భార్యకి తల్లి గురించి కబురు అందిందనీ, ఆమె కన్నీళ్ళు తుడుచుకుని, ముందు ప్రభువు పని, తర్వాతే నా వాళ్ళు అందనీ, సాయంత్రం దాకా చేతిలో గరిటె దించలేదనీ. చదువుతూ చదువుతూ ఆయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎలా ఉంది?"

"నాకు నాలుగింటికి కదా చెప్పారు" అంది ఆమె.

"అవుననుకో. సాక్ష్యంలో ఇన్ని వివరాలు చెబితే జనానికి పట్టదు. తెలిసినా నువ్వు అదే చేసేదానివి. నాకు తెలీదా నీ సంగతి?"

ఆమె బ్రష్షు ఆపింది. "పదింటికి అని రాశారేంటి? అమ్మ పోయింది ఒంటిగంటన్నరకి."

ఆయన కాగితాలు మడతపెట్టాడు. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "పదింటికి... ఒంట్లో బాగాలేదని చేశాడు మీ అన్నయ్య. నిన్ను అడుగుతోందని. ముసలివాళ్ళు అలా అంటూనే ఉంటారు, మనకేం తెలుసు ఆ రోజే పోతుందని? మూడు వందల మంది భోజనాలు పెట్టుకుని నీకు చెబితే నిలబడగలిగేదానివా?" అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

పది. రెండు గంటల బస్సు. చిన్న క్లాసు పిల్లలు కూడా చేయగలిగిన కూడిక. దారిలో బస్సు ఆగిపోయిందనుకున్నా, ఊళ్ళో నడక కలుపుకున్నా, అమ్మ బతికుండగా గంటకి తక్కువ కాకుండా మిగులుతుంది. ఆమె ఆ గంటని మళ్ళీ మళ్ళీ లెక్క వేసింది. ప్రతిసారీ మిగిలింది. చేతులు తుడుచుకోకుండానే పెరట్లోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసింది. వదినే ఎత్తింది. "లేడని చెప్పకు వదినా. ఒక్క మాట అడిగి పెట్టేస్తాను" అంది. కాసేపటికి అన్నయ్య లైన్లోకి వచ్చాడు.

"ఆ రోజు నువ్వు ఎన్నింటికి ఫోన్ చేశావు?"

"ఇప్పుడెందుకది?"

"చెప్పన్నయ్యా."

"పదికి ఐదు నిమిషాలు తక్కువ. మళ్ళీ పదకొండుకి. రెండుసార్లూ బావగారే ఎత్తారు. ఆఖరి ఘడియలు, వెంటనే పంపమని చెప్పాను. నువ్వు సేవ అయ్యాకే వస్తానన్నావని చెప్పారు."

"నేను అన్నానన్నారా?"

"మరి? నీ మాటగానే చెప్పారు."

గోడ అవతల ఎవరో బిందెలో నీళ్ళు పడుతున్నారు. బిందె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టేయలేదు. "అమ్మకి ఏం చెప్పావు?" అంది ఆమె.

"ఏం చెబుతాను, ఉన్నదే చెప్పాను. నాకు ఒళ్ళు మండింది కానీ అమ్మ ఏమీ అనలేదు. నవ్వింది కూడా. దాని కుర్చీ గోడవైపు ఉండుంటుందిరా, మళ్ళీ పిలవకు అంది. ఇక నేను చేయలేదు."

ఆమె పెరటి గట్టు మీద కూర్చుంది. "నాకు చెప్పలేదన్నయ్యా."

"ఏది?"

"ఏదీ చెప్పలేదు. నాలుగింటికి, గిన్నెలు కడిగించాక చెప్పారు."

అన్నయ్య, "చెల్లీ" అన్నాడు. ఏడాది తర్వాత ఆ పిలుపు. ఇద్దరూ ఫోన్లు చెవులకి పెట్టుకుని అలాగే ఉండిపోయారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె ఆయన కంచంలో వడ్డిస్తూనే అడిగింది. "నేను రానన్నానని అన్నయ్యతో చెప్పారా?"

"రానన్నావని ఎందుకంటాను? సేవ అయ్యాక వస్తుంది అన్నాను. వచ్చావు కదా. ఇందులో అబద్ధం ఏముంది?"

"రేపు అది చెప్పకండి."

"నీ గురించి మంచే కదే చెబుతున్నది? పాస్టరుగారికి కూడా చెప్పేశాను, చాలా కదిలిపోయారు."

"నాకు మంచి వద్దండీ. చెప్పకండి, అంతే."

"సర్లే, ఇప్పుడు కాదు. సేవ అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు. అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే, "మొగుడు నలుగురిలో మెచ్చుకుంటానంటే ఏడ్చేదాన్ని నిన్నే చూశానమ్మా" అంది. ఆవిడ కూడా ఒకప్పుడు ఇదే సంఘంలో ఇవే గ్లాసులు కడిగింది, ఇరవై రెండేళ్ళు. ఆవిడ వేళ్ళు ఇప్పుడు ముడుచుకోవు.

మూడింటికి ఆమె భోజనాల గదిలో కుర్చీని గోడవైపు తిప్పింది. గ్లాసులు ఇంకా సగం మిగిలే ఉన్నాయి. "మళ్ళీ అలకా?" అంది అత్తగారు. "కాదత్తయ్యా. అరగంట నన్నెవరూ పిలవకండి" అంది. ఆ గొంతులో ఏం వినపడిందో ఏమో, ముసలావిడ మంచం మీదికి పోయి పడుకుంది. కూతురు గుమ్మం దాకా వచ్చి, చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్ళింది.

గోడ మీద సున్నం ఒకచోట పెచ్చులూడింది. దాన్నే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళుగా నలుగురిలో అలవోకగా దొర్లే మాటలు, పరలోకమందున్న, కృపగల, కనికరముగల, ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది తగువు. ఆ రోజు పదింటికి నేను గరిటె పట్టుకుని నీ పాటే పాడుతున్నాను. నువ్వు విన్నావు. ఆ ఫోను కూడా నువ్వు విన్నావు. మా అమ్మ నా కోసం గుమ్మం వైపు చూస్తుంటే అదీ చూశావు. ఎవరి చేతైనా చెప్పించొచ్చు కదా, కనీసం నా చేతిలో గరిటె జారిపడేలా చేయొచ్చు కదా. నువ్వు కూడా సేవ అయ్యాకే చెబుదామనుకున్నావా? ఆమె ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ అడిగింది. అమ్మ చనిపోతూ కూడా తన కూతురికి ఒక కుర్చీ ఉందనుకుంది, అది గోడవైపు తిరిగి ఉందనుకుంది. ఆ నమ్మకంతోనే పిలవద్దంది. అక్కడికి వచ్చేసరికి ఆమెకి లేచి వెళ్ళిపోవాలనిపించింది. అయినా లేవలేదు. పన్నెండు నెలల్లో ఆమె దేవుడితో ఆడిన మొదటి నిజమైన మాటలు అవే. అరగంట అయ్యాక లేచి మిగిలిన గ్లాసులు కడిగింది, ఒక్కటి తక్కువ. తన గ్లాసుని దుమ్ముతోనే పక్కన పెట్టింది.

ఆదివారం ఆయన చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించలేదు. పైగా ముందు రోజు కాగితంలో లేని మాట ఒకటి చేర్చాడు. "నేనే వెళ్ళమన్నాను. తనే వెళ్ళనంది." ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. స్త్రీల కూడికకి ఒక్కనాడూ చాప పరవని ఒకావిడ వెనక్కి తిరిగి, పక్కగది గుమ్మంలో నిలబడ్డ గ్లాసులక్క వైపు చూసి చేతులు జోడించింది. ఆమె ట్రేలు నింపింది. ద్రాక్షరసం ఒక్క చుక్క తొణకలేదు.

పాటయ్యాక పాస్టరుగారు బల్ల వెనక్కి వచ్చారు. తెల్లగుడ్డ మడతలు సరిచేశారు. "ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏమైనా ఉందా? ఉంటే బల్లకి రాకముందే చెప్పుకోండి" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. ఎవరో దగ్గారు. కోశాధికారి గడియారం చూసుకున్నాడు. ఆమె భర్త ట్రే అందుకోవడానికి చేతులు చాపి పక్కగది గుమ్మం దగ్గరికి వచ్చాడు, ప్రతి నెలా వచ్చినట్టే.

ఆమె ట్రే ఆయన చేతుల్లో పెట్టలేదు. ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళి దాన్ని బల్ల మీద దించింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. పాస్టరుగారు కళ్ళు తెరిచారు.

"ఉంది" అంది ఆమె.

దగ్గులు ఆగిపోయాయి. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు విని ఎరగని మనిషి కాబట్టి పాస్టరుగారికి ఏం చేయాలో తోచలేదు. ఆమె భర్త వెనకాలే వచ్చి, నవ్వు చెదరనివ్వకుండా, పెదవులు కదిలీ కదలనట్టు గొణిగాడు.

"ఇప్పుడు కాదు. సేవ అయ్యాక."

"మా అమ్మ ప్రాణం పోతున్నప్పుడు కూడా ఇదే అన్నారు" అంది ఆమె, ఆఖరి బెంచీ దాకా వినపడేలా.